1938 నాటి నిరాకరణ: ‘కాలం అలాంటిది’ అనే వాదానికి ఖండన

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బడులలోనైనా, తెలుగునాట మరే సభావేదిక మీదనైనా, భారతదేశ చరిత్ర ప్రస్తావనకు వచ్చినప్పుడు తప్పకుండా వినిపించే మాట ఒకటి ఉంది: ఆశ్రయం కోరి వచ్చినవారిని ఈ దేశం ఏనాడూ కాదనలేదు. దీనికి రుజువుగా పార్శీలనూ, కొచ్చి యూదులనూ, కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయేలీలనూ, 1959లో వచ్చిన టిబెటన్లనూ, 1971లో సరిహద్దు దాటిన దాదాపు కోటిమంది తూర్పు బెంగాలు ప్రజలనూ వరుసగా చెబుతారు. ఈ వరుసలో ఉన్నవన్నీ నిజాలే. కానీ అందులో 1933 నుంచి 1945 వరకు గల పన్నెండేళ్లు ఉండవు. ఉండకపోవడానికి కారణం, ఆ పన్నెండేళ్లలో ఈ దేశపు రేవుల వైపు ఆశగా చూసిన యూదులలో అత్యధికులకు ప్రవేశం దొరకకపోవడం. ఈ సంగతి ఎవరైనా ఎత్తిచూపితే వెంటనే రెండో వాదం ముందుకు వస్తుంది. పాలన ఆంగ్లేయులది, దేశం పేదది, ఐరోపాలో రాబోయే మారణకాండ ఎవరికీ తెలియదు, కనుక చరిత్రను ఆనాటి సందర్భంలో పెట్టి చూడాలి, కాలం అలాంటిది అంటారు. మొదటి వాదం అజ్ఞానం వల్ల పుట్టింది కాబట్టి దాన్ని సమాచారంతో సరిదిద్దవచ్చు; రెండోది సమాచారం తెలిసిన తర్వాత చేసే వాదం కాబట్టి దాన్ని ఖండించవలసి ఉంది.

జర్మనీలో 1933 జనవరిలో హిట్లర్ అధికారానికి వచ్చేనాటికి అక్కడ సుమారు 5 లక్షల మంది యూదులు ఉండేవారు. అదే ఏడాది ఏప్రిల్‌లో వారిని ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించారు. 1935 సెప్టెంబరులో న్యూరెంబర్గ్ చట్టాలు వారి పౌరహక్కులను తీసివేశాయి. 1938 మార్చిలో ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోవడంతో వియన్నా యూదులూ అదే స్థితికి వచ్చారు. 1938 నవంబరు 9, 10 తేదీలలో దేశమంతటా ప్రార్థనామందిరాలను తగలబెట్టి, వేలాదిమందిని నిర్బంధ శిబిరాలకు తరలించారు. దేశం వదిలి వెళ్లగోరిన యూదుడు తన ఆస్తిని దాదాపు పూర్తిగా ప్రభుత్వానికి అప్పగించి, చివరి దశలో చేతిలో పది మార్కులతో బయటపడవలసి వచ్చేది. శరణార్థి అంటే బతుకుతెరువు మెరుగుపరచుకోవడానికి బయలుదేరినవాడు కాదు, ఉన్నచోట ఉంటే ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పు ఉండటం వల్ల తప్పనిసరై బయలుదేరినవాడు. ఈ భేదాన్ని గుర్తుంచుకుంటే తప్ప ఆనాటి ప్రవేశ నిబంధనల క్రూరత్వం అర్థం కాదు.

బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ప్రవేశాన్ని పూర్తిగా నిషేధించలేదు. ఆస్ట్రియా ఆక్రమణ తర్వాత నిబంధనలను బిగించి, వచ్చేవాడికి ఇక్కడ ముందే కుదిరిన ఉద్యోగమైనా ఉండాలని, లేదా అతడు ప్రజాధనం మీద భారం కాడని, అవసరమైతే తిరిగి పంపే ఖర్చు కూడా తామే భరిస్తామని ఎవరైనా పూచీ పడాలని కోరింది. పది మార్కులతో బయటపడ్డవాడికి, ఇండియాలో ఒక్క మనిషి కూడా తెలియనివాడికి, ఇది నిషేధం కంటే ఎంత మెరుగు? 1934లో బొంబాయిలో ఏర్పడిన యూదు సహాయ సంఘం, ఆ నగరపు యూదుల చందాలతో, వీలైనంత మందికి ఆ పూచీ రాసి ఇచ్చింది. మొత్తం మీద ఆ పన్నెండేళ్లలో ఇక్కడికి చేరగలిగినవారి సంఖ్య కొన్ని వేలు దాటలేదు. దాదాపు ఏ పత్రమూ అడగని షాంఘై రేవు ఒక్కటే, యుద్ధంలో నలిగిపోతున్న చైనా తీరాన, దాదాపు 17,000 మందిని దించుకుంది.

పూచీ అంటే ఏమిటో కడప జిల్లా పాఠకుడికి వివరించనక్కరలేదు. ఈ జిల్లా పల్లెల నుంచి దశాబ్దాలుగా కువైట్ వెళ్తున్నవారికి కఫీల్ అనే మాట తెలుసు. కఫీల్ అంటే అక్కడి దేశంలో కూలీ తరఫున ప్రభుత్వానికి జవాబుదారీగా ఉండే యజమాని, అతని పూచీ మీదే కూలీకి వీసా, అతని దయ మీదే కూలీ బతుకు. ఆ పూచీ దొరకకపోతే కడప కూలీకి ఒక అవకాశం పోతుంది, అప్పు తీరదు, ఇంటి పైకప్పు వేయడం ఆగిపోతుంది. అది చిన్న నష్టం కాదు. 1938లో బెర్లిన్‌లోనో వియన్నాలోనో పూచీ దొరకని యూదుడికి పోయింది ప్రాణం. మనిషి ప్రాణాన్ని మూడో మనిషి సంతకానికి ముడిపెట్టిన పాలనావిధానాన్ని ‘ఆనాటి నిబంధన’ అని తేలికగా దాటవేయడం, ఆ సంతకం కోసం ఎదురుచూసిన అనుభవం ఉన్న ప్రాంతంలోనైనా జరగకూడదు.

ప్రాచీన ఆతిథ్యాన్ని ముందుకు తెచ్చేవారు ఆ ఆతిథ్యపు స్వరూపాన్ని కూడా చూడవలసి ఉంది. సుమారు 1000వ సంవత్సరంలో చేర రాజు భాస్కర రవివర్మ యూదు ప్రముఖుడు జోసెఫ్ రబ్బాన్‌కు ఇచ్చిన తామ్రశాసనం వర్తక సంఘానికి ఇచ్చిన గౌరవాల, సుంకపు మినహాయింపుల పత్రం. తెలుగు తీరంలో దానికి సాటిరాగలది కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం. తుఫానుకు ఓడ చెడి ఒడ్డుకు కొట్టుకువచ్చిన వర్తకుడి సరుకును పూర్వరాజులు జప్తు చేసుకొనేవారని, తాను అలా చేయనని, నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోనని ఆ రాజు రాతి మీద చెక్కించి పెట్టాడు. ఈ రెండు శాసనాలూ గొప్పవే. కానీ రెండూ రాజ్యానికి లాభం తెచ్చే వర్తకుడికి ఇచ్చినవి. చేతిలో ఏమీ లేనివాడికి రాజ్యం ఏమి బాకీ పడి ఉందన్న ప్రశ్నకు అవి జవాబు చెప్పవు. 1938లో ఈ దేశం ముందుకు వచ్చింది సరిగ్గా ఆ ప్రశ్నే. దానికి వెయ్యేళ్ల క్రితపు తామ్రపత్రాన్ని సాక్ష్యంగా చూపడం జవాబు కాజాలదు. అయినా మోటుపల్లి శాసనంలో ఈ చర్చకు పనికివచ్చే అంశం ఒకటి ఉంది: అభయం నోటిమాటగా కాక, తర్వాతి అధికారి మార్చలేని రాతగా ఉండాలని ఆ రాజుకు తెలుసు.

ఇక పాలన ఆంగ్లేయులది అన్న వాదం. వీసా అధికారం ఢిల్లీలోని బ్రిటిష్ ప్రభుత్వానిదన్నది నిర్వివాదం. 1938 జూలైలో ఫ్రాన్స్‌లోని ఎవియన్‌లో శరణార్థుల సమస్య మీద 32 దేశాలు సమావేశమై, ఒక్క డొమినికన్ రిపబ్లిక్ తప్ప దాదాపు అన్నీ సానుభూతి మాటలతో సరిపెట్టినప్పుడు, ఇండియా తరఫున విడిగా మాట్లాడగల స్వతంత్ర ప్రభుత్వం లేదు. అంతవరకు ఈ వాదం నిలుస్తుంది. కానీ అధికారం లేనివాడికి అభిప్రాయం కూడా ఉండదా? స్పెయిన్ అంతర్యుద్ధం మీద, అబిసీనియా దురాక్రమణ మీద, చైనా మీద జపాను దాడి మీద భారత జాతీయ కాంగ్రెసు తీర్మానాలు చేసింది. చైనాకు 1938లో వైద్యుడు కోట్నీస్ సభ్యుడిగా ఉన్న బృందాన్ని పంపింది. అధికారం లేకపోవడం అక్కడ అడ్డు రాలేదు. యూదుల విషయంలో ఏమి జరిగిందో చూడాలి.

1938 డిసెంబరులో వార్ధాలో జరిగిన కాంగ్రెసు కార్యవర్గ సమావేశానికి జవహర్‌లాల్ నెహ్రూ ఒక ముసాయిదా తెచ్చాడు. నిపుణులు, ప్రత్యేక విద్యలు తెలిసినవారు అయి, ఈ దేశపు కొత్త వ్యవస్థలో ఇమడగలిగి, ఇక్కడి జీవన ప్రమాణాలను అంగీకరించే యూదు శరణార్థులను ఉద్యోగాలలో నియమించుకోవడానికి అభ్యంతరం లేదన్నది దాని సారాంశం. ఆ ఏడాది కాంగ్రెసు అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్ దానికి సమ్మతించలేదు; తీర్మానం నిలవలేదు. 1939 ఏప్రిల్‌లో బోసుకు రాసిన దీర్ఘలేఖలో నెహ్రూ యూదుల విషయంలో తమ మధ్య వచ్చిన ఈ భేదాన్ని ప్రస్తావించాడు. ఆ కార్యవర్గంలో బందరుకు చెందిన భోగరాజు పట్టాభి సీతారామయ్య కూడా సభ్యుడు. అంటే తెలుగువారికి కూడా ఆ గదిలో ఒక కుర్చీ ఉంది. వైస్రాయి కలం కదలని ఆ గదిలో, ఏ ఆంగ్ల అధికారి ఒత్తిడీ లేకుండా, ఆ వాక్యాన్ని కాదన్నది భారతీయులే.

బోసు స్థానాన్ని న్యాయంగా అర్థం చేసుకోవాలంటే ఆయనకు ద్వేషాన్ని అంటగట్టనక్కరలేదు. బ్రిటన్‌కు శత్రువైన ఏ శక్తితోనూ ముందే వైరం పెట్టుకోకూడదని, దేశ స్వాతంత్ర్యమే ఏకైక కొలమానమని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం నిజాయితీగా ఉండటం దాని ఫలితాన్ని మార్చదు. పైగా ఈ విషయంలో నెహ్రూను ఆదర్శమూర్తిగా నిలబెట్టే వ్యాసాలు కూడా సగం నిజమే చెబుతాయి. ఆయన ముసాయిదాను మరోసారి చదివితే, అందులో తలుపు తెరిచింది నిపుణుడి కోసం మాత్రమేనని తెలుస్తుంది. లైప్‌జిగ్‌లోని చిల్లర వర్తకుడికో, వియన్నాలోని కుట్టుపనివాడికో, వారి పిల్లలకో అందులో చోటు లేదు. ఆనాటి భారత రాజకీయాలలో అత్యంత ఉదారమైన స్వరం కూడా మనిషిని ఉపయోగంతోనే తూచింది. ఆ తూకానికి సైతం మెజారిటీ దొరకలేదు. ఈ వాస్తవాన్ని ఆంగ్లేయుల ఖాతాలో రాయడం చరిత్రకు చేసే అన్యాయం.

గాంధీజీ 1938 నవంబరు 26 నాటి హరిజన్ పత్రికలో యూదుల మీద రాసిన వ్యాసంలో వారి బాధను భారతదేశపు అస్పృశ్యుల బాధతో పోల్చి, హృదయపూర్వకమైన సానుభూతి చూపాడు. జర్మనీలో పుట్టినవారు జర్మనీనే తమ ఇల్లుగా ప్రకటించుకొని, అహింసతో అక్కడే ఎదిరించి నిలబడాలన్నది ఆయన సలహా. తత్త్వవేత్త మార్టిన్ బూబర్, జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన జూడా మాగ్నెస్ 1939లో దీనికి రాసిన జవాబులు ప్రసిద్ధమైనవి; నాజీ రాజ్యం ముందు సత్యాగ్రహం సాక్షులు లేని మరణమవుతుందన్నది వాటి సారం. ఆ చర్చ ఇక్కడ ప్రధానం కాదు. ప్రధానమైనది, హింసకు గురవుతున్నవారు ఎక్కడికైనా వెళ్లవలసి వస్తే ఇండియాకు రానివ్వాలా అన్న ప్రశ్న ఆ వ్యాసపు ఆలోచనలోకే రాలేదన్నది. పాలస్తీనాలో అరబ్బుల మీద బ్రిటిష్ తుపాకుల నీడలో యూదులను రుద్దకూడదని గాంధీజీ, కాంగ్రెసు నమ్మారు; దానికి బలమైన కారణాలు ఉన్నాయి. అయితే ఆ వాదాన్ని గౌరవించేవాడికి ఇంకో బాధ్యత తప్పదు. పాలస్తీనాకు వెళ్లకూడదన్నవాడు, జర్మనీలో బతకలేనివాడికి మూడో చోటు చూపాలి. ఆ మూడో చోటు తన దేశమే అయ్యే అవకాశం ఉన్నప్పుడు మౌనంగా ఉండి, తర్వాత అరబ్ సంఘీభావాన్ని ఆ మౌనానికి కారణంగా చూపడం తర్కానికి నిలవదు.

ఇదే కాలంలో భారతీయులు వేరేలా ప్రవర్తించగలరని చూపిన ఉదాహరణలు దక్షిణాదితో సహా ఈ దేశంలోనే ఉన్నాయి. గోటింగెన్ విశ్వవిద్యాలయం నుంచి తొలగించబడిన భౌతికశాస్త్రవేత్త మాక్స్ బోర్న్‌ను సి.వి. రామన్ 1935లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు పిలిపించి, ఆరు నెలల తర్వాత శాశ్వత ఆచార్య పదవి ఇప్పించాలని ప్రయత్నించాడు. ఒక ఆంగ్ల ఆచార్యుడు సభలో లేచి, సొంత దేశం నుంచి తరిమేసిన రెండో తరగతి విదేశీయుడు తమకు అక్కరలేదని వాదించాడు. ఆ మాట తనను ఎంత కుంగదీసిందో బోర్న్ ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయన 1936లో ఎడిన్‌బరో వెళ్లాడు, 1954లో నోబెల్ బహుమతి పొందాడు. కానీ లైప్‌జిగ్ నుంచి తొలగించబడిన గణితవేత్త ఫ్రీడ్రిచ్ విల్హెల్మ్ లెవీని కలకత్తా విశ్వవిద్యాలయం ఆచార్యుడిగా తీసుకొని ఏళ్ల తరబడి ఉంచుకుంది; భారతదేశంలో ఆధునిక బీజగణిత బోధనకు ఆయన వేసిన బాట చాలా దూరం సాగింది. బెర్లిన్ వాస్తుశిల్పి ఓటో కోనిగ్స్‌బర్గర్‌ను మైసూరు సంస్థానం 1939లో ప్రధాన వాస్తుశిల్పిగా నియమించింది. ఒకే చక్రవర్తి ఆధిపత్యం కింద, కలకత్తా ఒకటి చేసింది, బెంగళూరు మరొకటి చేసింది. ఎంచుకోవడానికి వీలు లేదన్న వాదం ఇక్కడే పడిపోతుంది.

పేదరికపు వాదం వీటన్నిటికంటే గంభీరమైనది, ఎందుకంటే అది అబద్ధం కాదు. కడప, అనంతపురం, కర్నూలు, బళ్లారి జిల్లాలను దత్తమండలాలుగా పిలిచిన కాలం నుంచి కరవు ఇక్కడి జీవితంలో భాగం. 1876–78 నాటి ధాతు కరవు మిగిల్చిన జ్ఞాపకం 1938 నాటి వృద్ధులలో ఇంకా సజీవంగా ఉండేది. ఇలాంటి దేశం ఐరోపా నుంచి మనుషులను తెచ్చి ఎలా పోషిస్తుందని అడగడంలో తప్పు లేదు. కానీ ఆ ప్రశ్నకు వివరాలతో జవాబు వెతికితే, వాదం దాని సొంత బరువుకే కూలుతుంది. 1941 జనాభా లెక్కల ప్రకారం అవిభక్త భారతదేశ జనాభా దాదాపు 39 కోట్లు. అడిగినవారు లక్షలలో లేరు. వచ్చేవారిలో గణనీయమైన భాగం వైద్యులు, ఇంజనీర్లు, ఆచార్యులు. వారిలో ముఖ్యంగా వైద్యుల రాకకు వచ్చిన అభ్యంతరం పేదవాడి నుంచి వచ్చింది కాదు. బొంబాయి వంటి నగరాలలో స్థిరపడిన వైద్యవర్గం నుంచి, పోటీ పెరుగుతుందన్న భయంతో వచ్చింది. 1933 చట్టంతో ఏర్పడిన భారత వైద్యమండలి విదేశీ పట్టాలను పరస్పర గుర్తింపు అనే సూత్రం మీద చూసేది. అంటే, ఆ దేశం ఇండియా పట్టాను గుర్తిస్తేనే ఇండియా దాని పట్టాను గుర్తిస్తుంది. ఆత్మగౌరవానికి అది సరైన సూత్రమే. అయితే నాజీ జర్మనీ తన నుంచి తరిమేసిన వైద్యుడి మీద నాజీ జర్మనీ మర్యాదను బట్టి తీర్పు చెప్పడంలో ఉన్న వైపరీత్యాన్ని ఆ సూత్రం గుర్తించలేదు.

ఆ కాలంలో జమ్మలమడుగు తాలూకాలోనో, పులివెందుల తాలూకాలోనో, నగరాలలో చదువుకొని వైద్యులైనవారు ఎంతమంది వచ్చి స్థిరపడ్డారన్నది పేదరికపు వాదం చేసేవారు అడగని ప్రశ్న. జమ్మలమడుగులో పందొమ్మిదో శతాబ్ది చివరి నుంచి పనిచేసిన పెద్దాసుపత్రి లండన్ మిషనరీ సొసైటీది. క్యాంప్‌బెల్ అనే విదేశీ వైద్యుడి పేరే దానికి నిలిచింది. చుట్టుపక్కల తాలూకాల ప్రజలు ఎడ్లబండ్ల మీద రోగులను ఎత్తుకొని వచ్చింది ఆ ఆసుపత్రికే. మతప్రచారం దాని లక్ష్యాలలో ఉందన్నది నిజం, దాన్ని విమర్శించవచ్చు. కానీ విదేశీ వైద్యుడు వస్తే ఈ నేల భరించలేదన్న వాదానికి, విదేశీ వైద్యుడి చేతిలో ప్రాణం నిలుపుకున్న ఈ ప్రాంతమే ప్రత్యక్ష ఖండన. వైద్యం, ప్రజారోగ్యం అప్పటికే రాష్ట్ర మంత్రుల చేతిలో ఉన్నాయి. ఏ పోటీకీ అవకాశం లేని తాలూకాలకు వైద్యులను పంపే మార్గం ఆలోచించదగినదే. ఆలోచించి ఉంటే శరణార్థికి బతుకు, కరవు ప్రాంతానికి వైద్యం రెండూ దొరికేవి.

మరో పరాధీన దేశం ఏమి చేసిందో కూడా చూడాలి. అమెరికా ఆధిపత్యం కింద ఉన్న ఫిలిప్పీన్స్‌లో అధ్యక్షుడు మాన్యుయెల్ కెజోన్ 1937 నుంచి 1941 వరకు సుమారు 1,200 మంది యూదులకు ప్రవేశం కల్పించి, మిండనావో ద్వీపంలో మరో పదివేల మందిని స్థిరపరచే పథకం వేశాడు. జపాను దాడి దాన్ని ఆపింది. అక్కడ కూడా విదేశాంగ వ్యవహారాలు స్థానిక ప్రభుత్వం చేతిలో లేవు, అక్కడి రైతులూ పేదవారే. ఇక ఇండియాలో ‘చోటు లేదు’ అన్న బ్రిటిష్ ప్రభుత్వమే, 1942 తర్వాత యుద్ధమిత్రుల అవసరం వచ్చేసరికి, కొల్హాపూరు దగ్గరి వలివడేలో సుమారు 5,000 మంది పోలండ్ శరణార్థులకు శిబిరం కట్టింది; నవానగర్ సంస్థానాధీశుడు దిగ్విజయ్‌సింహ్ బాలాచడిలో పోలిష్ అనాథ పిల్లలను తన పిల్లలుగా చేరదీశాడు. వీరిలో అత్యధికులు కేథలిక్కులు, యూదులు కొద్దిమందే. బాలాచడి కథను నేడు దేశం గర్వంగా చెప్పుకుంటుంది, చెప్పుకోవాలి కూడా. కానీ 1942లో చోటు దొరికిన దేశంలో 1938లో చోటు ఎందుకు లేదన్న ప్రశ్నను ఆ కథ కప్పిపుచ్చడానికి వాడకూడదు. అదే 1942లో బర్మా నుంచి లక్షలాది భారతీయులు, వారిలో ఎందరో తెలుగువారు, కాలినడకన అడవులు దాటి వచ్చారు; కరవు పడిన, యుద్ధభారం మోస్తున్న దేశం వారిని కూడా ఇముడ్చుకుంది.

రాబోయేది ఎవరికీ తెలియదన్న మాట చివరి ఆశ్రయంగా మిగులుతుంది. గ్యాస్ గదులను 1938లో ఎవరూ ఊహించలేదన్నది నిజం. కానీ తలుపు తెరవడానికి గ్యాస్ గదులను ఊహించవలసిన అవసరం ఏముంది? నవంబరు 9, 10 తేదీల విధ్వంసం జరిగిన పది రోజులకు, వార్ధా పక్కనున్న సేగావ్ అనే పల్లెలో కూర్చొని, గాంధీజీ జర్మన్ యూదుల హింస మీద వ్యాసం పూర్తి చేశాడు. ఆ పల్లెకు సైతం చేరిన వార్త దేశ నాయకత్వానికీ, పత్రికా పాఠకులకూ, ఢిల్లీ అధికారులకూ తెలియదని చెప్పడానికి వీల్లేదు. తెలిసినంతమేరకే చాలినంత తెలుసు: మనుషులను కొడుతున్నారు, ఇళ్లు లాక్కుంటున్నారు, శిబిరాలకు పంపుతున్నారు. 1939 మేలో 937 మందితో హాంబర్గ్ నుంచి బయలుదేరిన సెయింట్ లూయీ ఓడను క్యూబా, అమెరికా, కెనడా ఆదుకోకపోవడంతో అది తిరిగి ఐరోపాకు వెళ్లింది. వెనక్కి వెళ్లినవారిలో 254 మంది నాజీల చేతిలో చనిపోయారు. ఆ ఓడ కథ ఆనాటి పత్రికలలో రోజువారీ వార్త. కెనడా 2018లో పార్లమెంటులో క్షమాపణ చెప్పినప్పుడు, ‘కాలం అలాంటిది’ అనలేదు.

అదే కాలంలో, అదే వార్తలు చదివి, భిన్నంగా నడుచుకున్నవారు ఉన్నారు. నవంబరు విధ్వంసం తర్వాత కొద్ది వారాలకే బ్రిటన్ తల్లిదండ్రులు లేకుండా వచ్చే పిల్లలను అనుమతించడం మొదలుపెట్టి, యుద్ధం మొదలయ్యే లోపల సుమారు పదివేల మందిని తీసుకుంది. అమెరికాలో 20,000 మంది పిల్లలను తీసుకోవాలన్న బిల్లు 1939లో చట్టసభలోనే ఆగిపోయింది. స్విట్జర్లాండ్‌లో సెయింట్ గాలెన్ పోలీసు అధికారి పౌల్ గ్రూనింగర్ ప్రవేశ పత్రాల తేదీలను వెనక్కి జరిపి వందలాదిమందిని లోపలికి రానిచ్చి, 1939లో ఉద్యోగం పోగొట్టుకొని, పేదరికంలో చనిపోయాడు. ఆయన నిర్దోషి అని అక్కడి న్యాయస్థానం ప్రకటించింది 1995లో. ఒక చిన్న అధికారి తన బతుకును పణంగా పెట్టి ఎంచుకోగలిగినదాన్ని, ఒక దేశం ఎంచుకోలేకపోయిందని చెప్పేటప్పుడు, సందర్భం అన్న మాట తీర్పును ఎటు మళ్లిస్తుందో గమనించాలి. చారిత్రక సందర్భాన్ని చదవడం అంటే ఆనాటి అధికార మెజారిటీ ఏమనుకుందో చదవడం మాత్రమే అయితే, గ్రూనింగర్, కెజోన్, రామన్, ఓడిపోయిన ముసాయిదాతో సహా నెహ్రూ, ఆ కాలానికి చెందనివారవుతారు. వారూ ఆ కాలంవారే. సందర్భాన్ని పూర్తిగా చదివితే, నిరాకరించినవారి తప్పు చిన్నదిగా కనిపించదు. వారి ముందు మరో మార్గం ఉండేదని తేలుతుంది.

లోపలికి వచ్చినవారికి కూడా ఈ దేశం పూర్తి ఆశ్రయం కాలేదు. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే జర్మన్ పౌరులను శత్రుదేశ పౌరులుగా పరిగణించి, వారిలో పురుషులను అరెస్టు చేసినప్పుడు, హిట్లర్ నుంచి పారిపోయివచ్చిన యూదులను కూడా నాజీ సానుభూతిపరులతో కలిపి అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు. విచారణ సంఘం చాలామందిని విడుదల చేసినా, కొందరిని మళ్లీ నిర్బంధించి సతారా, పురంధర్ వంటి చోట్ల ఉంచారు. హింసించినవాడినీ హింసకు గురైనవాడినీ ఒకే ముళ్లకంచె వెనుక పెట్టడానికి కారణం, వారిని వేరు చేసే చట్టం లేకపోవడం.

ఆ లోటు 1947తో పోలేదు. విదేశీయుల నమోదు చట్టం 1939లో, విదేశీయుల చట్టం 1946లో చేసినవి; స్వతంత్ర భారతదేశం వాటిని దాదాపు ఎనభై ఏళ్లు అలాగే వాడుకుంది. ఐక్యరాజ్యసమితి 1951 శరణార్థుల ఒడంబడికలో గానీ, 1967 అనుబంధ ఒప్పందంలో గానీ ఈ దేశం చేరలేదు. టిబెటన్లకు ఒక విధానం, శ్రీలంక తమిళులకు మరో విధానం, హైదరాబాదు బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాలకు పూర్తిగా వేరే విధానం. ఎవరికి ఆశ్రయం, ఎవరికి బహిష్కరణ అన్నది ఆయా కాలపు ప్రభుత్వ అభీష్టాన్ని బట్టి నడుస్తోంది. దీన్ని సమర్థించేవారు కూడా ఈ దేశపు సహజ ఔదార్యాన్నే కారణంగా చూపి, ఔదార్యం ఉన్నప్పుడు చట్టం ఎందుకంటారు.

ఆ ప్రశ్నకు జవాబు రాయలసీమ చరిత్రలోనే ఉంది. వార్ధా సమావేశానికి సుమారు ఏడాది ముందు, 1937 నవంబరు 16న, మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట కోస్తా, సీమ నాయకులు కూర్చొని శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. సీమ తరఫున సంతకం పెట్టినవారిలో కడప కోటిరెడ్డి ఒకడు. కోస్తా సోదరుల మంచితనం మీద సీమ నాయకులకు నమ్మకం లేక కాదు. నీళ్లలో, విశ్వవిద్యాలయంలో, పదవులలో బలహీనుడి వాటా బలవంతుడి మంచితనం మీద ఆధారపడకూడదని వారు గ్రహించారు. ఆ ఒడంబడిక అమలు కాని చోట ఏమి జరిగిందో సీమ రైతుకు తెలుసు. రాతపూర్వకమైన హామీ కోసం తరతరాలుగా పోరాడిన ప్రాంతం, శరణార్థి విషయానికి వచ్చేసరికి సంప్రదాయం చాలు, హృదయం చాలు అన్న మాటను ఒప్పుకోవడం తనను తాను మరచిపోవడమే.

2025లో పార్లమెంటు వలస, విదేశీయుల చట్టాన్ని ఆమోదించి, 1939, 1946 చట్టాలను రద్దు చేసింది. అది ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులో శరణార్థి ఎవరో చెప్పే నిర్వచనం లేదు. ప్రాణభయం ఉన్న చోటికి మనిషిని తిప్పిపంపకూడదన్న సూత్రమూ లేదు. కొన్ని సమూహాలకు కేంద్రం ఉత్తర్వులతో మినహాయింపులు ఇస్తుంది, ఇచ్చిన ఉత్తర్వును అదే కేంద్రం వెనక్కి తీసుకోగలదు. 1938లో పూచీ పత్రం చేతిలో లేక బొంబాయి ఓడ ఎక్కలేకపోయిన మనిషి ఈ చట్టం ముందు నిలబడినా, తన హక్కుగా చూపించుకోగల నిబంధన ఒక్కటీ అతనికి దొరకదు.